కిరాయి ఇంట్లో ఛాంపియన్లు

పట్నంలో ఉంటున్నామని చెప్తే మా ఏర్గట్లలో వెంటనే అడిగే మాట: సొంత ఇల్లా, కిరాయా? ఫుట్‌బాల్ క్లబ్బునూ ఆ మాట అడగాలి.

హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకోండి. 2019లో పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో వచ్చిన జట్టు. హోం గ్రౌండ్ గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం. అది ఏ క్లబ్బు కోసమూ కట్టింది కాదు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల కోసం ప్రభుత్వం కట్టించింది. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన లోక్‌సభ స్పీకర్ పేరు పెట్టారు. అథ్లెటిక్స్ స్టేడియం కదా, మైదానం చుట్టూ పరుగుల ట్రాక్. గోల్‌పోస్టు వెనక కూర్చున్నోడికి బంతి ఎక్కడో దూరంగా కనిపిస్తది. నన్నడిగితే ఫుట్‌బాల్ చూసే పద్ధతి అది కాదు.

2019 నవంబర్ 2న తొలి హోం మ్యాచ్. కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచారు. ఇగ మనకూ ఒక జట్టు దొరికిందనుకున్నాం. అంతలోనే కరోనా వచ్చింది. స్టేడియం పక్కనున్న స్పోర్ట్స్ టవర్ ఆస్పత్రి అయింది. లీగు మొత్తం రెండు సీజన్లు గోవాలోనే నడిచింది. 2022 మార్చి 20న అక్కడి ఫటోర్డాలో అదే కేరళను పెనాల్టీల్లో 3-1తో ఓడించి మనోళ్లు కప్పు ఎత్తారు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ సీజన్‌లో గచ్చిబౌలిలో ఆడిన లీగ్ మ్యాచ్‌లు మాత్రం సున్నా!

తర్వాత జీతాల గొడవలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం. 2025లో కొత్త యజమానులు జట్టును ఢిల్లీకి తీసుకుపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. సామాను సర్దుకొని ఖాళీ చేసినట్టే.

పాత కాలంలో ఇట్లా లేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పోలీసు శాఖది. కోచ్ ఎస్.ఎ. రహీం ఈ ఊరి మనిషే. ఆ జట్టును మూటగట్టి ఇంకో నగరానికి పట్టుకుపోవడం ఎవరి తరం?

ఇప్పుడు గచ్చిబౌలిలో అప్పుడప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌లు జరుగుతాయి. 2024 నవంబర్‌లో మన దేశం మలేషియాతో అక్కడే 1-1 డ్రా చేసుకుంది. మ్యాచ్ అయ్యాక గేటుకు తాళం. మా నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య 2024-25కు దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు అందుకుంది. ఆ ఏడాది ఆమె ఆడింది కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు.