నూనె సీసా మీద తేదీ

అమెరికాలో కొన్న ప్రతి డబ్బా వెనకా కేలరీల లెక్క అచ్చేసి ఉంటుంది. ఇంట్లో చేసిన బెండకాయ వేపుడుకి ఆ చీటీ ఎవరంటిస్తారు? అందుకే బిస్కట్ల పాకెట్టుని అటూ ఇటూ తిప్పి చదివే మనమే, మూకుట్లో మాత్రం సీసా వంచి ఉజ్జాయింపుగా పోసేస్తాం.

లెక్క చిన్నదే. పిండిపదార్థాలూ మాంసకృత్తులూ గ్రాముకి 4 కేలరీలిస్తే, కొవ్వు 9 ఇస్తుంది. టేబుల్‌స్పూను నూనె సుమారు 14 గ్రాములు, అంటే 120 కేలరీలు. వేరుశనగ నూనైనా, ఆలివ్ నూనైనా అంతే. ఆలివ్ నూనె గుండెకి మంచిదని ఇంకో రెండు స్పూన్లు పోస్తే, నడుము ఆ తేడా చూడదు. స్ప్రే డబ్బా మీద ఉండే సున్నానీ పూర్తిగా నమ్మకండి. ఒక మోతాదులో 5 కేలరీల కన్నా తక్కువుంటే సున్నా అని వేసుకోవచ్చని ఇక్కడి నిబంధన. ఆ మోతాదేమో సెకనులో చిన్న వంతు నొక్కితే వచ్చేంత!

ప్రతి ముద్దనీ లెక్కపెట్టడం మన వంటలతో అయ్యే పని కాదు. దానికి బదులు సీసా తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. 48 ఔన్సుల సీసాలో 96 టేబుల్‌స్పూన్లుంటాయి. నలుగురున్న ఇంట్లో అది 16 రోజుల్లో అయిపోతే మనిషికి రోజుకి ఒకటిన్నర స్పూను, 180 కేలరీలు. అదే 24 రోజులొస్తే ఒక స్పూను, 120 కేలరీలు.

ఆ ఎనిమిది రోజులూ ఎలా సాగదీయాలంటారా? దొండకాయ ముక్కల్ని ముందు నీళ్ళు చిలకరించి మూతపెట్టి మగ్గనివ్వండి. నీరింకాక నూనె వేసి వేపండి. వంకాయ నూనెని ఇట్టే పీల్చేస్తుంది కాబట్టి ముందు ఆవిరి మీద ఉడికించండి. బెండకాయ ముక్కలకి రెండు టీస్పూన్ల నూనె పట్టించి, 425 డిగ్రీల ఓవెన్లో 20 నిమిషాలు పైచిలుకు ఉంచండి. పోపుకి చిన్న గరిటె వాడితే టీస్పూను చాలు.

ఇంటాయనకో, అత్తగారికో కొలెస్ట్రాల్ ఉందని డాక్టరు చెప్పగానే చాలా ఇళ్ళలో వాళ్ళ ఒక్కరికీ చప్పిడి కూర మొదలవుతుంది. పక్కన మిగతావాళ్ళు కరకరలాడే వేపుడు తింటూంటే, వాళ్ళు తల వంచుకుని ఆ ఉడికిన ముక్కలు నములుతారు. తినేవాళ్ళకి శిక్ష, వండేవాళ్ళకి రెట్టింపు చాకిరీ. అది ఎన్నాళ్ళో సాగదు. అందరి నూనే తగ్గితే అందరికీ ఒకటే కూర, ఎవరూ రోగిలా కూర్చోనక్కర్లేదు.

పప్పన్నంలో టీస్పూను నెయ్యి మాత్రం మానమని నేననను. సుమారు 40 కేలరీలు. ఆ ఒక్క స్పూనూ నాలిక్కి తెలుస్తుంది. వేపుడులో నాలుగో స్పూను నూనె ఎవరికీ తెలీదు. తీసేయాల్సింది దాన్నే.