ముందు నిలిచి పాడువాడు

గుణదలనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారి కుమారుడు ముగ్గురు మిత్రులతో గూడి రాక్ బృందమున ముందు నిలిచి పాడును. నాలుగేండ్లుగా సాధన వారి ముందుగదిలోనే. ఇప్పు డతనిని మాత్రమే సినిమా పాటకు బిలిచిరట. "పొమ్మందునా, వలదందునా?" అని వారి ప్రశ్న.

సోదరీ, పొమ్మనుడు. ఇది మన నాట క్రొత్త గాదు. రామ్ మిరియాల 2020లో చౌరస్తా బృందముతో గూడి కరోనా జాగ్రత్తల పాట పాడెను. 2021లో "జాతిరత్నాలు" చిత్రగీతముతో ఒంటిగా నింటింట వినబడెను.

అయినను మన బుర్రకథను జూడుడు. కథకుడు తంబురతో నడుమ నిలుచును. ఎల్లర చూపు లతనిపైననే. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలు, హాస్యము చెప్పువా డొకడు, రాజకీయము చెప్పువా డొకడు, లేకున్న కథ నడువదు. షేక్ నాజరు 1986లో పద్మశ్రీ నందెను. బిరుద మొక్కనిదే, కథ మువ్వురిది.

కావున మీ చిరంజీవి ముందుగా మూడు సంగతులు తేల్చుకొనవలెను. బృందమునకు మాట యిచ్చిన తేదీలను దప్పరాదు. కలసి కట్టిన పాట నలుగురి పేరనే యుండవలెను. దానివలని సొమ్ములో నలుగురికి భాగ ముండవలెను. ఇవి కాగితముపై వ్రాసికొనుట మేలు. స్నేహితుల నడుమ వ్రాత యెందుకని యూరకుండుటవలననే పిదప స్నేహము చెడును.

తక్కిన ముగ్గురును మీ చేతి యన్నము దినినవారే. అతని పాట వినవచ్చిననాడు వారినిగూడ బిలిచి, నలుగురిని ఒక్క పంక్తిని గూర్చుండబెట్టి వడ్డింపుడు.