సగం తిప్పితే సగం

రేడియోలు బాగుచేసి బతికినవాడికి ఒక దుర్గుణం ఉంటుంది. పాత సామాను ఏదీ పారవెయ్యడు. జగిత్యాలలో మా ఇంటి అటక మీద ఒక రేకు డబ్బా ఉంది. దాన్నిండా వాల్యూం కంట్రోళ్లు; ఆయుష్షు తీరిన రేడియోల నుంచీ టేపురికార్డర్ల నుంచీ ఊడదీసినవి. ప్రతి దసరాకూ ఇల్లు దులిపేటప్పుడు మా ఆవిడ వాటిని పాతసామాన్లవాడికి వెయ్యమంటుంది. నేను వినను. మొన్న మేనల్లుడు సిరిసిల్ల నుంచి వచ్చి, "మామా, నీ దగ్గర పొటెన్షియోమీటర్లున్నయా?" అనేసరికి మా ఆవిడకేసి ఒక చూపు చూసి, నిచ్చెన వేసుకున్నాను. పొటెన్షియోమీటరు అంటే మరేం కాదు, మన వాల్యూం కంట్రోలు అసలు పేరే అది.

వాడికెందుకంటారా? మా బావ సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ షెడ్డులోనే నిలబడ్డాడు. 85 డెసిబెల్సు దాటిన చప్పుడులో రోజూ ఎనిమిదేసి గంటలు, ఏళ్ల తరబడి గడిపితే చెవికి చేటని వైద్యులంటారు. సాంచెల షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలంటే సైగలు చెయ్యాలి. ఇక కొలత దేనికి? ఆ చేటు కూడా తమాషాగా వస్తుంది. ముందుగా పోయేవి సెకనుకు 4000 కంపనాల చుట్టుపక్కల ఉండే సన్నని ధ్వనులు. మాట వినపడుతూనే ఉంటుంది, 'స'కారమూ 'త'కారమూ జారిపోతాయి. అంచేత మనిషికి తన చెవి తగ్గిందని తోచదు, అవతలివాళ్లు నములుతున్నారని తోస్తుంది.

బావకు పాటలంటే ప్రాణం. "ఈళ్లు మాటలు సక్కగ పలుకుతలేరు" అని రెండేళ్లుగా విసుక్కుంటున్నాడు. ఘంటసాల కూడానా అని అడగడానికి మా చెల్లెలికి ధైర్యం చాలలేదు. కరీంనగర్లో చెవి డాక్టరు పరీక్షచేసి మిషను పెట్టుకోమని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ ఏమైందో ఎవరూ అడగలేదు.

సరే, పిల్లవాడు ఒక ఉపాయం పన్నాడు. పాట కంప్యూటరులో మోగుతుంది. ముందు నాలుగు నాబులున్న ఒక చెక్కపెట్టె. కిందిస్థాయికి ఒకటి, నడిమిస్థాయికి ఒకటి, పైస్థాయికి ఒకటి, మొత్తం శబ్దానికి ఒకటి. తండ్రి తనకు కావలసినట్టు తిప్పుకుంటాడు. ఇలాంటి పెట్టెను మిడి కంట్రోలరు అంటారు. మిడి అనేది వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష. జపానులో కాకెహాషీ, అమెరికాలో డేవ్ స్మిత్, మరికొందరూ కూడబలుక్కుని 1983లో లోకానికి ఇచ్చారు. ఇందులో పాట ప్రవహించదు, అంకెలు మాత్రమే. ఫలానా నాబు ఇంత తిరిగింది అని 0 నుంచి 127 దాకా ఒక అంకె పోతుంది, అంతే.

ఈ 'అంతే' దగ్గరే నేను బోల్తాపడ్డాను.

డబ్బాలోంచి మంచివి నాలుగు ఏరి ఇచ్చాను. వాటి మీద ఏ50కే అని ఉంది. పిల్లవాడు నసిగాడు. "మామా, ఏ అంటే లాగ్ గద? నాకు లీనియర్ గావాలె." "చెవి కోసం చేసే పెట్టెకు చెవికి తగిన కంట్రోలు కాక మరేదిరా?" అని దబాయించాను. పెద్దవాణ్ణి గదా, పట్టుకుపోయాడు.

వారం తర్వాత చెల్లెలు ఫోను చేసింది. పెట్టె తయారైంది, బావ ముందు కూచున్నాడు, పైస్థాయి నాబు సగం దాకా తిప్పాడు. ఏమీ మారలేదు. ఇంకొంచెం తిప్పాడు. ఏమీ లేదు. చివరి పావులో ఒక్కసారిగా కీచుమంది. బావ పెట్టె పక్కకు నెట్టి, "నా చెవులు గింత ఖరాబైనయా?" అని లేచి వెళ్లిపోయాడట. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదట.

ఆయన చెవుల తప్పు కాదు, నా తప్పు. రేడియోలో పాట తాలూకు కరెంటే వాల్యూం కంట్రోలులోంచి పోతుంది. మన చెవికి శబ్దం రెట్టింపయినట్టు తోచాలంటే శక్తి సుమారు పదిరెట్లు పెరగాలి. అందుకని అందులోని కర్బనపు పట్టీని వంకరగా చేస్తారు. సగం తిప్పితే నూటికి పదిహేను వంతుల దగ్గరే ఉంటుంది. రేడియోకు అది సరి. పిల్లవాడి పెట్టెలో పోయేది అంకె. చెవికి తగిన వంపు కంప్యూటరే డెసిబెల్సు లెక్కన వేసుకుంటుంది. అత్తా వేసి కోడలూ వేసిన ఉప్పులాగ పప్పు చెడింది. సగం తిప్పితే 64 రావలసినచోట 19 వచ్చింది.

మర్నాడే కోరుట్ల వెళ్లాను. అక్కడ టీవీలు బాగుచేసే ఒక దుకాణంలో విడిభాగాలు దొరుకుతాయి. ఈసారి జేబులో మీటరు పెట్టుకున్నాను. బి10కే కావాలన్నాను: బి అంటే లీనియరు, 10కే అంటే పదివేల ఓములు. ఈ విలువకూ కారణముంది. పిల్లవాడి దగ్గరున్న ఆర్డువినో లియొనార్డో బోర్డులోని చిప్పు, వోల్టేజిని చదివే ముందు ఒక చిన్న కెపాసిటరును నింపుకుంటుంది. ఎదుటి నిరోధం పదివేల ఓముల లోపు ఉంటే మంచిదని దాని తయారీదార్లే రాశారు. రేడియోల్లోని అయిదు లక్షలవి, పది లక్షలవి పెడితే అంకె నిలకడగా ఉండదు. మరీ వెయ్యి ఓములది పెడితే ఊరికే కరెంటు తాగుతుంది. పదివేలదైతే 5 వోల్టుల మీద అర మిల్లీ ఆంపియరు, అంతే.

అచ్చు చూసి నమ్మకండి. నాబును సరిగ్గా మధ్యకు తిప్పి, నడిమికాలికీ ఒక చివరి కాలికీ మధ్య కొలవండి. అయిదువేలకు దగ్గరగా రావాలి. నాకిచ్చిన అయిదింటిలో ఒకటి వెయ్యిన్నర చూపింది. దాని మీదా బి అనే ఉంది! దుకాణదారు మారు మాట లేకుండా మార్చి ఇచ్చాడు.

పిల్లవాడికి జారుడువి, అంటే పైకీ కిందికీ జరిపేవి, పెట్టాలని సరదా. చూడ్డానికి అందమే. కాని సిరిసిల్లలో సాంచెలు నడిపే మనిషి ఇంట్లో నూలు పీచు ఎక్కడికైనా వస్తుంది. జారుడు కంట్రోలుకు పైన నోరు తెరిచి ఉంటుంది. పీచు లోపల పడితే అంకె గంతులేస్తుంది. గుండ్రంగా తిరిగేదే, మూసి ఉన్నదే మేలన్నాను. ఈసారి నసగలేదు. పైగా సుమారు 300 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక్కొక్క అంకెకూ రెండు డిగ్రీలకు పైనే చోటుంటుంది. మూడు స్థాయిలకూ మధ్యలో టక్కున ఆగేవి తీసుకున్నాను. పాట ఉన్నదున్నట్టు వినాలంటే చూపుతో పనిలేకుండా వేలికే తెలుస్తుంది. శబ్దానికి మాత్రం నున్నగా తిరిగేదే. నాబులు పెద్దవి కొన్నాను, బావ వేళ్లు లావు.

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి సాయంత్రమైంది. నేనూ పిల్లవాడూ కూచుని పాతవి ఊడదీసి కొత్తవి అతికాం. చెయ్యి తీసినా అంకె 63, 64ల మధ్య ఊగుతోంది. అది కంట్రోలు తప్పు కాదు. బోర్డు 0 నుంచి 1023 దాకా చదువుతుంది, దాన్ని ఎనిమిదితో భాగిస్తే మిడి అంకె. గట్టు మీదున్న అంకె చిన్న కదలికకే అటూ ఇటూ పడుతుంది. నాలుగైదు పాయింట్లయినా మారితే తప్ప పంపవద్దని పిల్లవాడు ప్రోగ్రాములో రాశాడు. ఊగడం ఆగింది.

బావను పిలిస్తే రానన్నాడు. "తప్పు నాది బావా, నేనిచ్చినవి పనికిరానివి" అన్నాక వచ్చాడు. పైస్థాయి నాబు మధ్య నుంచి కొద్దిగా తిప్పాడు. కొద్దిగా మారింది. ఇంకొంచెం తిప్పాడు, ఇంకొంచెం మారింది. వెనక్కి తెచ్చాడు, వెనక్కి వచ్చింది. అలా నాలుగుసార్లు చేశాడు. పాటలో మాటలు విడివిడిగా తెలుస్తున్నట్టు పెదవులు కదిపాడు. మధ్యకు తెచ్చి టక్కుమనిపించి ఆగాడు.

"గిట్ల పెడితె అందరికి వినవడేదేనారా?"

"అవు బాపు. ఉన్నదున్నట్టే."

బావ కాసేపు ఆ నాబు మీదే చెయ్యి పెట్టుకుని కూచున్నాడు. తర్వాత మా చెల్లెలికేసి తిరిగి, "ఆ డాక్టరు చీటీ యాడ పెట్టినవే?" అన్నాడు.

మా చెల్లెలు బియ్యం డబ్బా కిందినుంచి తీసి ఇచ్చింది.