అగ్గి ఆర్పెటోడే దొంగనా?

శివరాత్రి దాటిందంటే నల్లమల అంచు ఊళ్లకు కంటి మీద కునుకుండదు. అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు గుట్టల మీద ఆకంతా రాలుతది. గడ్డి ఎండి గలగలలాడుతది. పొద్దుగూకంగనే వాకిట్ల మంచమేసుకున్న ముసలవ్వ చూపు గుట్ట మీదనే. అక్కడ ఎర్రటి గీత కనబడితే ఆ రాత్రి ఊరు పండుకోదు.

కాలేది ఒట్టి చెత్త కాదు. గొడ్ల మేత కాలుతది. గుడిసె మీద కప్పే గడ్డి కాలుతది. చెంచుల తేనె, గడ్డలు, ఇప్పపువ్వు బుగ్గయితయి. అయినా తెల్లారి ఊళ్లెకు మొదలు వచ్చేది పరిహారం కాదు. "ఎవడు పెట్టిండు?" అనే గద్దింపు! మేకలు కాసే పిలగాడు, కట్టెలకు పోయిన ఆడబిడ్డ అనుమానితులైతరు.

నిజం దాచేది లేదు. పువ్వు ఏరేటందుకు ఇప్పచెట్టు కింద ఆకు కాలబెట్టేటోళ్లున్నరు. తునికి చిగురు కోసం నిప్పు పెట్టేటోళ్లున్నరు. అది తప్పే. మరి హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు ఈ అడవి నడుమ నుంచే పోతున్నది కదా! కారు అద్దం దించి సిగరెట్ పీక విసిరేటోడు, రోడ్డు పక్కన వండుకొని పొయ్యి ఆర్పకుండ పోయేటోడు ఏ పెంటోడు? వాని మీదికి అనుమానం ఎందుకు పోదు?

ఉపగ్రహం మంటను పసిగడుతున్నది. ఆఫీసర్ల ఫోన్లకు మెసేజ్ వస్తున్నది. మంచిదే. కానీ మెసేజ్ మంటను ఆర్పదు. పచ్చి మండలు పట్టుకొని కాలే గడ్డి మీద కొట్టేది మనుషులే. ఎండలు ముదరకముందే ఆకు ఊడ్చి ఫైర్‌లైన్లు తీసేది కూలోళ్లే.

2006 అటవీ హక్కుల చట్టం ఏమన్నది? తరతరాలుగా కాపాడుకుంటున్న సామూహిక అడవిని రక్షించే, నిర్వహించే హక్కు ఊరిదే అన్నది. సెక్షన్ 3(1)(ఐ) చదువుకోండ్రి. అడవిని కాపాడే అధికారం గ్రామసభకున్నదని సెక్షన్ 5 చెప్పింది. కాగితం మీద హక్కుదారు, గుట్ట మీద నిందితుడు! ఇదెక్కడి న్యాయం?

అడిగేది భిక్షం కాదు. సామూహిక హక్కు పత్రాలు గ్రామసభల చేతికియ్యాలె. ఫైర్‌లైన్ల పని మాఘంలనే ఊరికప్పజెప్పి, కూలి వెంటనే చెల్లించాలె. మంట ఆర్పబోయి కాలినోనికి వైద్యం, కుటుంబానికి పరిహారం ఇయ్యాలె. విచారణ లేకుండ ఊరి మీద నింద మోపుడు బంద్ కావాలె.

విద్యార్థులారా, ఉద్యోగులారా! రేపు శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటినంక ఒక్కసారి గుట్టల దిక్కు చూడండ్రి. ఆ పచ్చదనం దానంతట అదే మిగల్లేదు. దాన్ని మండలతోని కొట్టి మిగిలిచ్చినోళ్లున్నరు. వాళ్లను దొంగలంటే మనం ఊకుందామా?