ఆ వంటకం రాసిపెట్టి వెళ్ళు నాయనా

మొన్న సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా పిల్లోడు మూడు రోజులు ల్యాప్‌టాప్ ముందునుంచి లేవలేదు. నేను వంటింట్లో అరిసెల పాకం చూసుకుంటుంటే హాల్లోంచి "రెసిపీ తప్పింది మా", "బిట్‌బేక్ ఆగిపోయింది మా" అని కేకలు. వీడికి వంట మీద ఎప్పుడు మనసు పోయిందిరా అనుకున్నాను. తీరా చూస్తే వాడు వండుతున్నది మా కారుకి.

మా కారు 2013 నాటిది. అందులో స్క్రీన్ లేదు, మ్యాప్ లేదు, వెనక కెమెరా లేదు. వారానికోసారి తిరుపతి నుంచి చిత్తూరుకి, మా అమ్మను ఆసుపత్రికి చూపించడానికి, నేనే నడుపుకుంటూ పోతాను. అందుకని వాడు ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు, ఏడంగుళాల టచ్ స్క్రీన్, ఒక కెమెరా తెచ్చాడు. మా ఆయన మాత్రం "బజార్లో ఆండ్రాయిడ్ స్క్రీన్ దొరుకుతుంది కదా, తగిలిస్తే సరిపోయె" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ మొదట ఆ మాటే సబబనిపించింది.

వాడు నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. కొన్న స్క్రీన్‌లో మనకు అక్కర్లేనివి వంద ఉంటాయి, అది పెళ్ళి భోజనం. కారుకి కావలసింది మ్యాప్, పాటలు, కెమెరా, గడియారం. ఆ నాలుగూ నడవడానికి ఎంత కావాలో అంతే లినక్స్ ముక్కలు ఏరి, ఒకే ముద్దగా కట్టి, చిన్న కార్డు మీద రాసి బోర్డుకి పెట్టాలి. ఆ ముద్దనే ఇమేజ్ అంటారు. దాన్ని కట్టే సరంజామా పేరు యోక్టో ప్రాజెక్ట్. 2010లో లినక్స్ ఫౌండేషన్ వాళ్ళు మొదలుపెట్టారు. కార్ల కోసమే ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్ అని 2012లో ఇంకొకటి మొదలైంది, అదీ యోక్టో మీదే కడతారు. అమెరికాలో అమ్మిన 2018 టొయోటా క్యామ్రీ స్క్రీన్ వెనక ఉన్నది అదే.

మన ప్రాంతానికి కార్లు కొత్తవి కావు. కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతాయి, శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు బండ్లు వస్తున్నాయి. కారు లోపలి సాఫ్ట్‌వేర్ పని కోసం మాత్రం మన పిల్లోళ్ళు ఇంకా బెంగళూరు బస్సే ఎక్కుతున్నారు. అది వేరే బాధ, ఇంకోసారి రాస్తాను.

ఈ యోక్టోలో నాకు బాగా నచ్చింది రెసిపీలే. ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఒక చిన్న కాగితం. సరుకు ఎక్కడినుంచి తేవాలి, ఏ రోజుది తేవాలి, దారిలో ఎవరైనా మార్చారా లేదా అని చూసే గుర్తు, ఎవరు ఏ షరతు మీద వాడుకోనిచ్చారు, ఎట్లా కట్టాలి, ఎక్కడ పెట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. వేరేవాళ్ళు రాసిన రెసిపీలో మనకు మార్పు కావాలంటే దాన్ని కొట్టివేయకూడదు. మన కాగితం వేరే పొరలో పెట్టుకోవాలి. మా అత్తగారి వంటల పుస్తకంలో నేను ఒక్క అక్షరం దిద్దకుండా నా చీటీలు మధ్యలో దోపుకున్నట్టే. ఆ రెసిపీలన్నీ చదివి వండి పెట్టేది బిట్‌బేక్.

పాత ల్యాప్‌టాప్ కదా, మొదటిసారి వండటానికి రాత్రంతా పట్టింది. వంద జీబీ దాకా జాగా ఖాళీ చేసుకున్నాడు. నడిరాత్రి కరెంటు పోయింది. అయ్యో, మళ్ళీ మొదటినుంచా అన్నాను. కాదట. అప్పటిదాకా అయిన ముక్కలు పక్కన దాచి ఉంచుతుంది, మిగిలిన దగ్గర్నుంచే అందుకుంటుంది. రుబ్బిన పిండి ఫ్రిజ్‌లో ఉంటే పొద్దున్నే పులిబొంగరాలు ఎంతసేపు!

పనులన్నీ అయ్యి, స్క్రీన్ వెలిగి, వీధంతా వచ్చి చూసిపోయింది. వాడు బస్సెక్కాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు పాకాల దాటి పోతున్నాను. పక్కన అమ్మ. దారిలో టీ కోసం ఆపి మళ్ళీ తాళం తిప్పితే స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు వచ్చి అక్కడే నిలబడిపోయాయి. వాడికి ఫోన్ చేస్తే మీటింగ్. సాయంత్రం తీసి "ల్యాప్‌టాప్ తగిలించి ఫలానాది టైపు చెయ్ మా" అన్నాడు. నాకేం తెలుసు? దారి తెలిసిందే కాబట్టి ఇబ్బంది లేదు. బ్రేకుకీ స్టీరింగుకీ దీంతో సంబంధం లేకుండా పెట్టమని ముందే కట్టడి చేశాను కాబట్టి ప్రమాదమూ లేదు. కానీ నెలరోజులు కెమెరాకి అలవాటుపడిన మెడ ఆసుపత్రి ఇరుకు సందులో వెనక్కి తిరగడమే మరిచిపోయింది. వెనక ఒక పాప నడిచిపోతోంది. వాచ్‌మన్ బానెట్ మీద చరిస్తే ఆపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పు ఏందో తర్వాత తేలింది. కారు తాళం తీయగానే బోర్డుకి కరెంటు టక్కున పోతుంది. అదే సమయంలో కార్డు మీద ఏదో రాస్తుంటే కార్డు చెడుతుంది. రాయడానికి వీల్లేకుండా, చదవడానికే ఉండేట్టు ఇమేజ్ కట్టాలట. వాడికి తెలుసు, తొందరలో వదిలేశాడు. పైగా కొన్ని రెసిపీల్లో ఫలానా రోజుది అని రాయకుండా "ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకో" అని పెట్టాడు. అందువల్ల మళ్ళీ వండితే పాత ఇమేజ్ రాదు, ఇంకేదో వస్తుంది. "ఉప్పు తగినంత" అని రాసినట్టు.

నాకు కోపం వచ్చింది కార్డు చెడినందుకు కాదు. మన ఇళ్ళల్లో ఇదొక అలవాటు. ఇన్వర్టర్, మోటారు స్టార్టర్, వైఫై డబ్బా, అన్నీ మగవాళ్ళు ఉత్సాహంగా బిగిస్తారు, మెచ్చుకోలు తీసుకుంటారు, బయటికి పోతారు. రోజంతా వాటితో కాపురం చేసేది మనం. చెడితే ఫోన్ చేసి బతిమాలాలి. ఇంట్లో ఒక్కరికే తెలిసిన పని పూర్తయిన పని కాదని నా అభిప్రాయం. ఇది మనకూ వర్తిస్తుంది, దాచుకోవడమెందుకు? మా అమ్మ చేసే ఊరుబిండి కొలతలు ఎక్కడా లేవు, ఆమె చేతిలో ఉన్నాయి. ఇప్పుడు ఆ చెయ్యి వణుకుతోంది.

ఉగాదికి వాడు వస్తే ఒకటే షరతు పెట్టాను. కీబోర్డు నువ్వు ముట్టుకోకూడదు, పక్కన కూచుని చెప్పు, నేను చేస్తాను. రెండు పూటలు పట్టింది. నలభై దాటిన తెలుగు బీయే వేళ్ళు ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటుంటే వాడికి ప్రాణం విసిగింది, అయినా ఓపిక పట్టాడు. ప్రతి రెసిపీకీ ఫలానా రోజుదని కట్టుబాటు రాయించాను. కార్డు చదవడానికి మాత్రమే అని పెట్టించాను. అడుగులన్నీ తెలుగులో నోటుబుక్కులో రాసుకున్నాను. "ఈ వయసులో ఇదంతా నీకెందుకు" అని మా ఆయన అన్నారు. కారు నడిపేది నేను కాబట్టి అన్నాను.

అప్పుడే ఇంకొక సంగతి తెలిసింది. మేము వాడిన యోక్టో విడుదల పేరు స్కార్త్‌గ్యాప్. 2024 ఏప్రిల్‌లో వచ్చింది, దానికి మరమ్మతులు 2028 ఏప్రిల్ దాకా. ఎక్కువకాలం చూసుకుంటామని మాటిచ్చిన విడుదలకే నాలుగేళ్ళు! ఆ తర్వాత కొత్తదానికి మారాల్సిందే. ఫోన్ నాలుగేళ్ళకు మారుస్తాం, కారుని మాత్రం పిల్లల పెళ్ళిళ్ళ దాకా ఉంచుకుంటాం. అందుకే షోరూమ్‌లో మనకి సీటు కవర్ల రంగు చూపిస్తుంటే, ఈ స్క్రీన్‌కి అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారు, రివర్స్ వేస్తే ఎన్ని సెకన్లకు బొమ్మ వస్తుంది అని అడగండి. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లకి రెండు సెకన్ల నియమం ఉంది. ఇంజిన్ వెలిగించాక మా ఇంటి స్క్రీన్ లేవడానికి ఎనిమిది సెకన్లు తీసుకుంటుంది. నేను ఎనిమిదీ లెక్కపెట్టి, మెడ కూడా తిప్పి, అప్పుడే గేరు వేస్తాను.

వాడు పోయాక నోటుబుక్కు చూసుకుంటూ ఒంటరిగా ఒకసారి వండాను. మధ్యలో ఎర్ర అక్షరాలు వచ్చాయి. గుండె ఆగినంత పనైంది. చూస్తే డిస్కులో జాగా లేదు, అంతే. పాత సీరియళ్ళు తీసేసి మళ్ళీ నడిపితే తెల్లారేసరికి అయిపోయింది. కార్డు నేనే రాశాను, స్క్రీన్ వెలిగింది. ఇంకో కార్డు కూడా రాసి కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టాలి, కానీ ల్యాప్‌టాప్‌లో మళ్ళీ జాగా చాలడం లేదు. మా ఆయన మా పెళ్ళి వీడియో తీసెయ్యమంటున్నారు. నేను ఇంకా ఒప్పుకోలేదు.