కలగలిసిన పాటకు చోటేది?

మేడారం దారిలో అమ్మిన సమ్మక్క పాటల క్యాసెట్లను, సీడీలను, ఆ తర్వాత సెల్‌ఫోన్ దుకాణాల్లో మెమరీ కార్డుల్లోకి ఎక్కించి ఇచ్చిన డీజే పాటలను మా పత్రిక మిత్రులు కొన్నేళ్లుగా పోగుచేస్తున్నారు. అన్నీ కలగలుపు పాటలే. అమ్మవారి పాటకు పెళ్లి బ్యాండు క్లారినెట్ తోడైనవి, కీబోర్డు మీద షెహనాయి పలికించినవి, డప్పు స్థానంలో ప్యాడ్ వాయించినవి, ఒకనాటి హిందీ సినిమా వరుసలో సారలమ్మను పిలిచినవి. ఇళ్లల్లో పాడైపోయేకన్నా పదిమందికి అందుబాటులో ఉండాలని, జానపద సాహిత్యాన్ని భద్రపరిచే ఒక సంస్థకు వాటిని ఇవ్వబోయాం. మర్యాదగానే తిప్పి పంపారు. ఇవి అసలైన జానపదాలు కావట, కల్తీ సరుకట. పల్లెకు వెళ్లి ముసలవ్వ ఒంటిగొంతుతో పాడింది రికార్డు చేసుకొస్తే తీసుకుంటారట.

ముసలవ్వ పాట కావాలి. దానికోసం జీవితాలు ధారపోసిన పరిశోధకుల పట్ల మాకు గౌరవం ఉంది. కానీ ఆ పాట పక్కన ఆమె మనవడి పాటకు చోటు లేదనడం ఏ శాస్త్రం?

మేడారానికే వెళ్లి విందాం. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరతారు. గురువారం కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తుంటే ముందు డోలీలు, తూతకొమ్ములు మోగుతాయి. జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలుకుతారు. అడవి తల్లి రాకకు పోలీసు తుపాకి శబ్దం ఎప్పుడు కలిసింది, ఎందుకు కలిసింది అని ఏ భక్తుడూ ఆగి ప్రశ్నించడు. ఆ చప్పుడు వినగానే లక్షల చేతులు పైకి లేస్తాయి. ఇంకోపక్క జంపన్నవాగులో శివసత్తులు ఊగుతుంటారు, ఎదురుకోళ్లు ఎగురుతుంటాయి. మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల వాద్యాలు వాళ్లవి, తండాల నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్ల పాట వాళ్లది. ట్రాక్టర్ మీద పేర్చిన సౌండు పెట్టెల నుంచి వచ్చే పాట మరొకటి. కోటిమందికి పైగా వస్తారని ప్రభుత్వం లెక్కగట్టే జాతరలో ఒకే నాదం, ఒకే వరుస ఉండాలని కోరుకునేవాళ్లు ఆ జాతరను చూసి ఉంటారుగానీ విని ఉండరు.

పైగా ఈ స్వచ్ఛత నియమం సమ్మక్క పాటకే ఎందుకు? వయొలిన్ ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ విద్వాంసుడి దగ్గర నేర్చుకుని మన సంగీతానికి పట్టుకొచ్చిన వాద్యం. అన్నగారు అంతటితో ఆగలేదు. ఇంగ్లిషువాళ్ల బ్యాండు వరుసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలు కట్టారు. అవి నలభై దాకా ఉన్నాయి. బ్రిటిష్ రాజుగారి జాతీయ గీతం వరుసలో కూడా ఒక దేవతా స్తుతి ఉంది. ఇవాళ సంగీతం నేర్చే పిల్లలకు వాటిని శ్రద్ధగా చెబుతున్నారు, చెప్పాలి కూడా. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పరదేశీ వాద్యాన్ని తెలుగువాళ్ల సొంతం చేశారు. ఫిడేలు నాయుడుగారని ఇంటింటా చెప్పుకున్నారు. కల్తీ అని ఎవరూ అనలేదు.

అన్న సందర్భాలూ ఉన్నాయి. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. మన గాత్రపు గమకాలు ఆ మెట్లమీద పలకవని వాదన. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ ముప్పై ఏళ్లలో మన సురభి నాటకాలు, హరికథలు, భజనలు హార్మోనియం మీదే బతికాయి. పల్లెల్లో పద్యం పాడే ప్రతివాడికీ శ్రుతి అదే. నిషేధం వల్ల వాద్యం చావలేదు, దాన్ని వాయించినవాళ్లను భద్రపరచాల్సిన రేడియోయే నష్టపోయింది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ తొమ్మిదేళ్ల వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మాండొలిన్ పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా నుదురు చిట్లించినవాళ్లున్నారు. 1998లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆ వాద్యమే ఆయన ఇంటిపేరైంది. సభలో కూర్చుని కలిపితే ప్రయోగం, ట్రాక్టర్ మీద నిలబడి కలిపితే కల్తీ. ఈ తేడాలో సంగీతం లేదు. కులం ఉంది, కూర్చునే చోటు ఉంది.

తీన్‌మార్ సంగతి చూడండి. నిజాం కొలువుకు సైనికులుగా వచ్చిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తమ మర్ఫా వాద్యాన్ని హైదరాబాద్‌కు తెచ్చారు. ఆఫ్రికా అశ్వికదళం ఉన్న చోటును నేటికీ ఏసీ గార్డ్స్ అంటున్నాం. ఆ మర్ఫా ముస్లింల పెళ్లిళ్లలో మోగింది, బోనాల్లో మోగింది, గణేశ్ ఊరేగింపుల్లో మోగింది. మన డప్పుతో కలిసి తీన్‌మార్‌గా నడిచింది. అరేబియా తీరం నుంచి బయలుదేరిన దెబ్బకు ఓరుగల్లు పిల్లవాడు అడుగు వేస్తున్నాడంటే, ఆ ప్రయాణాన్ని నమోదు చేసిన పత్రాలు ఏవి? జాతర క్యాసెట్లే. ‘రోడ్ షో మిక్స్’ అనీ ‘చాటల్ బ్యాండ్ మిక్స్’ అనీ పేర్లు పెట్టుకున్న ఆ డీజే పాటలే. ఏ దరువు ఏ ఏడు మన ఊరి పాటలోకి వచ్చిందో చెప్పగలిగే సాక్ష్యం ఇంకెక్కడా లేదు.

ఇక అసలు దోషం మాట్లాడుకుందాం. వాద్యాలు కలపడం దోషం కాదు. పేరు చెరపడం దోషం. డీజే పాట పెట్టి వినండి. పల్లవి రాకముందే ఒక గొంతు కలిపినవాడి పేరు, ఊరు గట్టిగా చెబుతుంది. చరణానికి చరణానికి మధ్య మళ్లీ చెబుతుంది. పాడిన ఆడమనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. కట్టినవాడి పేరు ఉండదు, దరువు వేసిన మనిషి ఊరు ఉండదు. పేరు ఎలా నిలబెట్టుకోవాలో ఈ డీజే పిల్లలకు తెలుసు. తమది నిలబెట్టుకున్నారు, ఎదుటివాళ్లది వదిలేశారు. సినిమావాళ్లు ఇదే పని ఖరీదైన స్టూడియోల్లో చేస్తారు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో సారంగదరియా పాట వచ్చినప్పుడు, దాన్ని ‘రేలా రే రేలా’ టీవీ కార్యక్రమంలో ముందే పాడిన కోమలి, తన పేరేదని అడగాల్సి వచ్చింది. దర్శకుడు శేఖర్ కమ్ముల మాట్లాడి సర్దుబాటు చేశారు. అడగగలిగింది కాబట్టి ఒక పేరు దక్కింది. అడగలేని వాళ్ల మాట?

అదే ఏడాది ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని దర్శనం మొగిలయ్య పాడారు. సొరకాయ బుర్రల కిన్నెర, తమన్ సినిమా దరువు పక్కపక్కన నిలిచాయి. ఆ కలయికే ఆ వాద్యాన్ని ఊరూరికీ గుర్తుచేసింది. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. 2023లో ‘బలగం’ ముగింపులో దుగ్గొండి బుర్రకథ దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడితే సినిమా హాలు హాలంతా ఏడ్చింది. ఆ ఇద్దరు మొగిలయ్యలనూ జనం గుర్తుపెట్టుకున్నది, పాటతోపాటు వాళ్ల పేరు చెప్పారు గనుక, ముఖం చూపించారు గనుక. కలుపుతూనే పేరు నిలపవచ్చని ఇంతకన్నా రుజువేం కావాలి?

స్వచ్ఛమైనదే దాస్తామంటున్నవారిని ఒక మాట అడుగుతాం. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకినె రామచంద్రయ్య కోయల వీరగాథలను, సమ్మక్క సారలమ్మల కథను తరతరాల వరుసలో గానం చేసిన మనిషి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో వెళ్లిపోయారు. పద్మశ్రీకి ముందు ఎన్ని సాహిత్య సభలు ఆయనను వేదికమీద కూర్చోబెట్టాయి? పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపుతూ పాడే ఆ విద్యకు ఎన్ని పాఠ్యపుస్తకాల్లో చోటు దొరికింది? కలగలుపును తిరస్కరించడం వల్ల అసలు పాటకు ఒరిగిందేమీ లేదు. రెండింటినీ సమానంగా పోగొట్టుకున్నాం. జయధీర్ తిరుమలరావు వంటివారు ‘ఆద్యకళ’ పేరుతో మూలవాసుల వాద్యాలను, పడిగెలను ఏరి తెచ్చి నిలబెట్టకపోతే ఈపాటికి చాలా వాద్యాలు చూద్దామన్నా కనపడేవి కావు. వాద్యం దొరికినా అది మోగిన తీరు దొరకాలంటే రికార్డు కావాలి. ఆ క్యాసెట్లు చెవిపెట్టి వింటే కీబోర్డు అడుగున ఎక్కడో ఒక డోలి దెబ్బ వినిపిస్తుంది. ఎవరో కోయ యువకుడు జిల్లా కేంద్రంలోని స్టూడియోకి వెళ్లి వేసిన దెబ్బ. కల్తీ అని పారేస్తే అది కూడా పోతుంది.

డీజే హోరు గుండెలదరగొడుతుందన్న ఫిర్యాదు న్యాయమైనదే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించడాన్ని మేము తప్పుపట్టం. గద్దెల దగ్గర డోలి మోగే వేళ స్పీకరు ఉండకూడదనీ అంటాం. కాని అది శబ్దం ఎంతుండాలన్న చర్చ, ఏ వాద్యం దేనితో కలవాలన్న చర్చ కాదు. ఆ రెంటినీ ముడిపెట్టి పాటనే వెలివేయడం అన్యాయం.

తిప్పి పంపిన పెట్టెలను మా కార్యాలయంలోనే ఉంచుతున్నాం. వచ్చే సంచిక నుంచి ప్రతి నెలా కొన్ని పాటల వివరాలు అచ్చువేస్తాం. ఏ పాట వరుస, ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఏయే వాద్యాలు, ఎవరు కలిపారు, ఏ ఊళ్లో రికార్డయింది అన్నవి రాస్తాం. మిక్స్ చేసిన పిల్లల పేర్లూ వేస్తాం, వాళ్లు పోగొట్టిన పేర్లను వాళ్లనే అడిగి వెతికిస్తాం. పాఠకుల ఇళ్లల్లో పాత క్యాసెట్లుంటే పంపండి. చెడిపోయిన మెమరీ కార్డులైనా సరే, అట్ట చిరిగినా సరే, రీలు తెగినా సరే. పాడినవారి పేరు తెలిస్తే తప్పక రాయండి. తెలియకపోతే ఏ జాతరకు వెళ్లినప్పుడు కొన్నారో, ఎక్కడ కొన్నారో, అప్పట్లో ఊళ్లో ఆ పాట ఎవరి నోట విన్నారో రాసి జతచేయండి.