నీడను అమ్ముకునే హక్కు ఎవరిచ్చారు?

గ్రాము పది డాలర్లు. మేక్ సన్‌సెట్స్ అనే అమెరికా కంపెనీ 2022లో ఆకాశానికి కట్టిన ధర ఇది. బెలూన్‌లో సల్ఫర్ డయాక్సైడ్ నింపి స్ట్రాటోస్ఫియర్‌లోకి వదులుతారట. ఒక్క గ్రాము, ఎండను వెనక్కి మళ్లించి, టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల పుట్టే వేడిని ఏడాదిపాటు అడ్డుకుంటుందట. డబ్బు కట్టినవారికి ‘కూలింగ్ క్రెడిట్’ ఇస్తారు. 2022లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా నుంచి ఎవరి అనుమతీ లేకుండా తొలి బెలూన్లు లేచాయి. అవి ఎంత ఎత్తుకు వెళ్లాయో చెప్పే పరికరమైనా వాటికి లేదు. 2023 జనవరిలో మెక్సికో ఇలాంటి ప్రయోగాలను నిషేధిస్తామంది. కంపెనీ అమెరికా నుంచి బెలూన్లు ఎగరేయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పెద్ద డబ్బే దిగింది. 2025 అక్టోబరులో స్టార్‌డస్ట్ సొల్యూషన్స్ అనే మరో కంపెనీ 6 కోట్ల డాలర్లు సమీకరించింది. అంత డబ్బు పెట్టినవాడు లాభం అడగకుండా ఉంటాడా? ఎండ తగ్గించే సరుకును ప్రభుత్వాలు కొంటే తప్ప ఆ లాభం రాదు.

సమర్థకుల వాదన అంతా ఒక్క మాట: చవక. 2018లో పరిశోధకులు వేక్ స్మిత్, గెర్నాట్ వాగ్నర్ వేసిన లెక్క ప్రకారం ఈ పనికి మొదటి 15 ఏళ్లూ ఏడాదికి సగటున 225 కోట్ల డాలర్లు చాలు. ఆ లెక్కలో సల్ఫర్ చల్లే విమానాలున్నాయి, ఆ గంధకమూ ఉంది. వాన తప్పిన రైతు లేడు.

అసలు ప్రమాదం ఆ చవకలోనే ఉంది. ఆర్థికవేత్త మార్టిన్ వైట్జ్‌మన్ ఎప్పుడో హెచ్చరించాడు: ఖర్చు ఇంత తక్కువైతే, అందరికంటే ఎక్కువ చల్లదనం కోరే దేశమే భూమి మొత్తానికీ ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. మిగతావాళ్లు భరించాలి.

1991లో పినటుబో అగ్నిపర్వతం పేలి, గంధకం చిమ్మి ప్రపంచాన్ని సుమారు అర డిగ్రీ చల్లబరిచిందని గొప్పగా చెబుతారు. ఆ తర్వాత భూభాగాల మీద వాన తగ్గిన సంగతి మింగేస్తారు. 1900 నుంచి 2010 దాకా ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతంలో అత్యంత ఎండిపోయిన నాలుగు వేసవుల్లో మూడు, ఉత్తరార్ధగోళంలో పెద్ద అగ్నిపర్వతాలు పేలాకే వచ్చాయని 2013లో శాస్త్రవేత్త హేవుడ్ బృందం చూపింది. అంటే గంధకం ఎక్కడ చల్లారన్నదాన్ని బట్టి ఎవరి వాన పోతుందో తేలుతుంది. నైరుతి మీద ఆశపెట్టుకున్న అనంతపురం, మహబూబ్‌నగర్ రైతులకు ఇంతకుమించి వివరించాలా?

ఆ రైతుకు పరిహారం ఎవరిస్తారు? వాతావరణ నష్టాల నిధికి 2023లో దుబాయ్ వాతావరణ సదస్సులో సంపన్న దేశాలన్నీ కలిసి హామీ ఇచ్చింది సుమారు 70 కోట్ల డాలర్లు. పైగా గంధకం ఏడాది రెండేళ్లలో రాలిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు నిలుస్తుంది. మొదలుపెట్టినవాడు మధ్యలో ఆపితే అణిచిపెట్టిన వేడంతా కొన్నేళ్లలోనే విరుచుకుపడుతుంది. ఈ జూదానికి పూచీకత్తు లేదు, బీమా లేదు, కోర్టు లేదు.

పరిశోధన ఆపాలా అంటారు. విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ మోడళ్లు నడుపుకోవడానికి నేను అడ్డు చెప్పడం లేదు. అమ్మకం ఆపాలి. ఈ పద్ధతిని వాడకుండా చూసే అంతర్జాతీయ ఏర్పాటు కావాలని ఆఫ్రికా పర్యావరణ మంత్రులు 2023లోనే కోరారు. భారత ప్రభుత్వం వాళ్ల పక్కన నిలబడాలి, కూలింగ్ క్రెడిట్ల క్రయవిక్రయాలను మన దేశంలో చట్టంతో నిషేధించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు రానున్న పార్లమెంటు సమావేశాల్లోనే పర్యావరణ మంత్రిని ఈ విషయమై నిలదీయాలి.